ఆఫీసరు కోసం వేసిన కమాన్లు

చిట్యాల దవాఖానకు రోడ్డు వెయ్యమని ఒక ఊరు పదేళ్లు మొత్తుకుంది. చివరికి దారి చూడటానికి ఒక ఆఫీసరు వస్తానన్నాడు. ఆ గుంతల్లో కారు కదలదు. రోగులను మోసే పోశాలు గుర్రపు బండే ఆయనకూ దిక్కు.

"పెద్దసారు నడుం ఇరుగుతది" అని పోశాలు బండి కింద ఉన్న మొద్దు లారీ కమాన్లు, కుదుపు ఆపాల్సిన ఇనుప పట్టీలు, ఊడదీశాడు. పాత జీపువి, పల్చటి పట్టీలు కొలిమిలో కాల్చి వంచి బిగించాడు. మర్యాదలో మనల్ని మించినవాళ్లు లేరు మరి!

ఆఫీసరు దారంతా కునుకు తీశాడు. దిగి, "రోడ్డు బాగానే ఉంది కదయ్యా, కుదుపే లేదు" అంటూ కాగితం మీద అదే రాసుకుపోయాడు.

పోశాలు తల పట్టుకున్నాడు. "సూసినవానే, మంచిగ జేసుడే తప్పయింది!"

భార్య సాలమ్మ బండి దగ్గరికి వచ్చింది. కొత్త కమానును చేత్తో నొక్కింది. అది మెత్తగా వంగి లేచింది.

"గిది జేసెటందుకు ఎన్ని దినాలు వట్టింది?"

"ఒక్క పూట."

"కాన్పు నొప్పులు వడుతున్న మన బిడ్డను గిదే బండ్ల ఎత్తి కుదేసుకుంట తీస్కపోయినవు. దారిల్నె పాణం ఇడిసింది. గప్పుడు దొరకలేదా నీకు, ఆ ఒక్క పూట?"