ఒంటి బూటు

గ్రౌండు మధ్యలో ఒకావిడ మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డి పీకి వాసన చూస్తోంది.

పాండురంగారావుకి ఒళ్ళు మండింది. వట్లూరు శివార్లలోని ఆ కాలేజీకి అతను గేమ్స్ మాస్టారు. చాపచుట్టల్లా లారీల్లో దిగిన కొత్త లాన్‌ని మొన్ననే పరిచారు.

"ఏవమ్మా, మేకల మేతకి ఇదే దొరికిందా?"

ఆవిడ లేచింది. నలభై దాటి ఉంటాయి. మోచేతులదాకా బురద, చీరంతా కొల్లేరు వాసన. కుడికాలు కాస్త ఈడుస్తూ దగ్గరికొచ్చింది.

"నమస్కారమండీ మాస్టారూ. నా పేరు జాయ్సీ. తాడేపల్లిగూడెంలో గడ్డి మీద పరిశోధన చేస్తున్నానండి."

"గడ్డి మీదా!" అతనికి నవ్వాగలేదు.

ఆవిడ చేతిలో బరువైన ఇనపకడ్డీ ఉంది. దాని అడుగున ఒకే ఒక్క పాత ఫుట్‌బాల్ బూటు, మడమంతా మట్టి కరుచుకుని. కడ్డీని లాన్ మీద దించి, పైనున్న పిడి పట్టుకుని మెలితిప్పింది. బూటు కదల్లేదు.

"చూశారాండీ? ఈ లాన్ అడుగున ప్లాస్టిక్ వల ఉంది. బూటు అడుగున ఉండే బుడిపెలు, ఈ స్టడ్లు, అందులో ఇరుక్కుంటాయి. ఆడేవాళ్ళు గిర్రున తిరిగినప్పుడు బూటూ తిరగాలండీ. అది తిరక్కపోతే మోకాలు తిరుగుతుంది."

గ్రౌండు మూల కాస్త పాతగడ్డి మిగిలి ఉంది. అక్కడికెళ్ళి మళ్ళీ తిప్పింది. బూటు ఒక్క క్షణం పట్టుకుని, మెల్లగా వదిలేసింది.

"ఇది మన గరికేనండీ. కొల్లేరు గట్ల మీద గేదెలు తొక్కినా, నీళ్ళలో మునిగినా మళ్ళీ లేస్తుంది. నేనే దగ్గరుండి నాటిస్తాను. పోటీలు కొన్నాళ్ళు ఆపండి చాలు."

అప్పుడే కాలేజీ కరస్పాండెంట్ శ్యామ్ సుందర్ కారు దిగాడు. దెందులూరు రైతుబిడ్డ. గరిక మాట చెవిన పడగానే మొహం చిట్లించాడు.

"గరికా? చేలో దాన్ని పీకీ పీకీ మా నాన్న నడుం పడిపోయింది. నా కాలేజీలో నాటతారా? మాస్టారూ, ఆ మూలక్కూడా కలుపుమందు కొట్టించండి."

"అయ్యో, అదొక్కటన్నా ఉంచండి..."

"ఈవిణ్ణి బయటికి పంపండి. ముందు ఆ కంపు పోవాలి!"

పాండురంగారావు కడ్డీ లాక్కున్నాడు.

"ప్రిన్సిపాల్ గారి దగ్గర లెటర్ తెచ్చుకుని పట్టుకెళ్ళండి."

"అది మాత్రం ఇచ్చేయండి మాస్టారూ. నా దగ్గర ఇంకోటి లేదండీ."

అతను ఇవ్వలేదు. గేమ్స్ రూములో ఓ మూలకి గిరాటేసి, సబ్బుతో చేతులు కడుక్కున్నాడు.

ఫుట్‌బాల్ పోటీల రోజు రానే వచ్చింది. ఫ్లెక్సీల మీద శ్యామ్ సుందర్ నవ్వు, నెత్తిన డ్రోన్ కెమెరా రొద. రాష్ట్ర జట్టుకి ఎంపిక చేసేవాళ్ళు వచ్చి కూర్చున్నారు. వాళ్ళ కళ్ళు ఇందుజ మీదే. కౌలురైతు కూతురు. ఆ జట్టులో చోటు కోసమే బతుకుతున్న పిల్ల.

మ్యాచ్‌కి ముందు ఆ కాలేజీ అమ్మాయిలకో ఆనవాయితీ ఉంది. గేమ్స్ రూములో అద్దాలబీరువా ముందు వరసకట్టి, అద్దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకుంటారు. లోపల ఎడమకాలి బూటు ఒక్కటే ఉంటుంది. మడమ మీద ఎర్ర గోళ్ళరంగుతో వేసిన చిన్న శిలువ. కింద అట్టముక్క మీద 'కప్పు గెలిచిన కెప్టెన్ బూటు' అని ఉంది. ఆవిడ పేరు రాయాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

"గోల్ కొట్టిన ఊపుకి రెండో బూటు ఎగిరి ఎక్కడో పడింది. తర్వాత ఆవిడ ఇండియాకి ఆడింది. మీరూ అలా ఆడాలి," అన్నాడు పాండురంగారావు. తనకి ముందున్న మాస్టారు చెప్పిందే చెప్పాడు.

ఆట మొదలైంది. ఇందుజ బంతితో గిర్రున తిరిగింది.

పిల్ల తిరిగింది. బూటు తిరగలేదు.

ఆ కేకకి గ్రౌండంతా కొయ్యబారింది. లేసులు విప్పి కాలు బయటికి లాగాల్సొచ్చింది. బూటు లాన్‌లోనే నిలబడి ఉంది.

"డ్రోన్ అటు తిప్పండి! ఆ పిల్ల పడకూడదు వీడియోలో!" అరిచాడు శ్యామ్ సుందర్.

ఛీ! పిల్ల కాలు పట్టుకుని ఏడుస్తుంటే, వాడికి వీడియో కావాల్సొచ్చింది.

ఏలూరు ఆస్పత్రిలో డాక్టరు పెదవి విరిచాడు. "మోకాలి లిగమెంట్లన్నీ తెగిపోయాయి. నడిపిస్తాం. ఆట మాత్రం మర్చిపోవాలండీ."

ఇందుజ కళ్ళు తుడుచుకుంది. "కెప్టెన్ గారి బూటుకి దణ్ణం పెట్టుకునే దిగాను కదండీ మాస్టారూ. నాకెందుకండీ ఇలా అయింది?"

పాండురంగారావు ఆస్పత్రి నుంచి బయటపడ్డాడు. కాలేజీకి తిరిగొచ్చేసరికి గ్రౌండు పచ్చగా నిగనిగలాడుతోంది. మూలన మాత్రం మందు పడ్డ గరిక మాడిపోయి ఉంది. ఆ పచ్చదనం చూస్తే అతనికి అసహ్యం వేసింది. తనని చూసుకుంటే అంతకన్నా రోత పుట్టింది.

ఆ కడ్డీ అయినా, కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చిన ఆ జాయ్సీకి అప్పజెప్పాలి. బురదతో ఇవ్వడానికి మనసొప్పలేదు. కుళాయి కింద పెట్టి, తన చేతులతోనే కడగడం మొదలెట్టాడు.

మట్టి కరిగి కారిపోయింది. మడమ మీద ఎర్ర గోళ్ళరంగుతో వేసిన చిన్న శిలువ బయటపడింది.

అద్దాలబీరువాలో ఉన్నదానికి జత, కెప్టెన్ కుడికాలి బూటు.