ఎవరి లైట్‌హౌస్ వాళ్లది

ఇప్పుడు పాత కట్టడాలన్నీ మాట్లాడుతున్నాయి. చెవికి గవ్వంత యంత్రం తగిలించుకుంటే చాలు, మన ఇంటిపేరు కనుక్కుని మనకు నచ్చే చరిత్రే చెబుతాయి.

మా ఊరి లైట్‌హౌస్ దగ్గర ఆ గవ్వలు తుడిచి అందించే ఉద్యోగం దానమ్మది. పొద్దున ఒక రైసుమిల్లు యజమాని కళ్లొత్తుకుంటూ మెట్లు దిగాడు. దీన్ని కట్టించింది ఆయన ముత్తాతేనట. వెనకే దిగిన లెక్చరరుగారిదీ అదే మాట, ముత్తాత మాత్రం వేరు. ఇద్దరూ కాలర్లు పట్టుకున్నారు. లైట్‌హౌస్ క్షమాపణ చెప్పి, ముత్తాతలిద్దరినీ బావా బావమరుదుల్ని చేసింది. ఆ తొందరలో కులాలు చూసుకోలేదు. అసలు కొట్లాట అప్పుడు మొదలైంది.

“ఏటీ జనం! అబద్దం సెప్తే ఏడుస్తారేటి?” అని దానమ్మ పగలబడి నవ్వింది.

దానమ్మ తాత ఎర్రయ్య ఒకప్పుడు ఇక్కడ దీపం కాపలాదారు. తుఫాను నాడు తాగి పడుకున్నాడు. వెలుగు లేక మూడు పడవలు రాళ్లకు కొట్టుకుని, ఎక్కినవాళ్లంతా పోయారు. జాలరిపేట ఆడవాళ్లు ఇప్పటికీ లైట్‌హౌస్ దాటేటప్పుడు మొహం తిప్పుకుంటారు. దానమ్మ ఎదురైనా అంతే.

మధ్యాహ్నం సరదాకి తనూ ఒక గవ్వ పెట్టుకుంది.

“ఎర్రయ్యగారు ఆ రాత్రి రెప్ప వాల్చలేదమ్మా. మూడు పడవలూ క్షేమంగా చేరాయి.”

దానమ్మ నవ్వలేదు. మూడుసార్లు వింది. అప్పుడే గేటు ముందునుంచి కాసులమ్మ మొహం తిప్పుకుని పోతోంది. వాళ్ల తాత ఆ పడవల్లోనే పోయాడు. దానమ్మ పరుగెత్తింది.

“వదినా, ఒక్కసారి ఇది ఇను. మా తాత తప్పేటీ నేదంట!”

కాసులమ్మ చాలాసేపు విని, గవ్వ తీసి దానమ్మ అరచేతిలో పెట్టింది.

“మా తాత ఆ తెల్లారే ఇంటికొచ్చీసినాడంట,” అంది. “మరి ఏడీ?”