లికగ్వా కట్టిన లేసు

“కాలు ఇటు పెట్టండి సారూ” అంటూ లికగ్వా మోకాళ్ల మీద కూర్చున్నాడు.

ములాంజే కొండ కింద, జీపు దిగిన గనుల కంపెనీ అధికారి ఒక రాయి మీద కూర్చుని కాలు చాపాడు. కొత్త బూట్లు, నిన్న కొన్నవి. రేపు సాయంత్రంలోగా ఆయన శిఖరం దాకా ఎక్కి హద్దురాయి పాతాలి. పాతితే కొండ కంపెనీది, ఇష్టమొచ్చినట్టు తవ్వుకోవచ్చు. పాతలేకపోతే అనుమతి గడువు తీరిపోతుంది, మళ్లీ ఇవ్వరు. తవ్వడం మొదలైతే వాగులన్నీ ఎండిపోతాయని ఊరంతటికీ తెలుసు. అందుకే ఎంత కూలి ఇస్తానన్నా మూట మోయడానికి ఒక్కడూ రాలేదు. ఆయన పట్నం నుంచి ఇద్దరు మనుషుల్ని తెచ్చుకోవాల్సి వచ్చింది.

నలభై ఏళ్లు కొండదారి చూపించిన లికగ్వా మాత్రం పిలవకుండానే వచ్చాడు. మనవరాలు తియాంజానేకి ఒళ్లు మండిపోయింది. నెల రోజులుగా ఆమె తాత దగ్గర ఆ పనే నేర్చుకుంటోంది.

“లే తాతా. మన నీళ్లు మింగడానికొచ్చినాయన కాళ్లు పట్టుకోడానికి సిగ్గనిపించట్లేదా?”

“నోరు మూసుకో. మనిషి ఎవడైనా లేసు లేసే.” ముసలాయన అధికారి వైపు తిరిగాడు. “కొండ మీద సగం నడక లేసుదే సారూ. తప్పుగా కట్టారా, రెండో వాగు దాటేసరికి మడమ తోలు ఊడొస్తుంది. మూడో వాగు దగ్గర గోళ్లు నల్లబడతాయి. అలాంటోళ్లని ఎంతమందిని వీపున మోసుకొచ్చానో.”

“అనుభవం అంటే అదీ. చూసి నేర్చుకో పిల్లా” అని అధికారి నవ్వాడు.

“నేర్చుకోను. మీ మూట మొయ్యను, దారి చెప్పను. ఏం చేసుకుంటారో చేసుకోండి” అంది తియాంజానే.

లికగ్వా బూటు ముందు, కాలివేళ్ల దగ్గర లేసు బిగించి లాగాడు. చీలమండ దగ్గర వదులుగా వదిలి, పైన ముచ్చటగా ముడి వేశాడు.

“మడమ కొంచెం కదులుతోందేం పెద్దాయనా?”

“గాలాడాలి సారూ. కొత్త బూటు కదా, నడుస్తుంటే అదే సర్దుకుంటుంది. మధ్యలో విప్పకండి.”

అధికారి రెండడుగులు వేసి చూసుకుని, ముసలాయన భుజం తట్టి, తన మనుషులతో దారి పట్టాడు.

“ఊళ్లో మొహం ఎలా చూపిస్తావు తాతా?” అంది తియాంజానే. “రేపు నసీమా సంకటి దేంతో వండుకుంటాం, కన్నీళ్లతోనా? నీ పనీ వద్దు, నీ పాఠాలూ వద్దు. ఇవాళ్టితో సరి.”

లికగ్వా ఆ ముగ్గురూ మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా చూశాడు. తర్వాత తన బూటు ఒకటి విప్పి ఆమె ఒళ్లో పెట్టాడు.

“ఇందాక నేను కట్టినట్టు మాత్రం ఎప్పుడూ కట్టకు.”