వల వాటా

“మన పెద్ద ప్రధాన్‌జీ మీద కేసొద్దని సగం బస్తీ అంటంది,” అన్నాడు జోగులు, అన్నం కలుపుతూ.

“ఆ సగానికే కదా మావా ఆయన వలలు పంచింది,” అంది భార్య కాళమ్మ, చేప ముక్క వడ్డిస్తూ.

“నాకు ప్రేమతో ఇచ్చాడే.”

“మొగుణ్ణి సముద్రంలో పోగొట్టుకున్న పక్కవీధి తాతమ్మకని సర్కారు పంపిన వల అది. ప్రేమ ఆయనది, వల ఆమెది.”

జోగులు చెయ్యి ఆగింది. వేటలో పడ్డ చేపలు పంచేటప్పుడు వెళ్లిన మనిషికొక వాటా, వల ఎవరిదైతే వాళ్లకొక వాటా తీయడం తమ పద్ధతి. ఆ వల వాటా ఇన్నాళ్లూ తన ఇంటికే వచ్చింది.

“అయితే ఈ ముక్క తాతమ్మదంటావా?”

“తినీ మావా. ఉడికిపోయాక దీనికి కేసేటి?”

అతడు నవ్వలేదు. తిని లేచి, తల్లినీ పిల్లల్నీ పిలిచి మెల్లగా చెప్పాడు.

“రేపు వల పట్టుకుని ఠాణాకి ఎల్తన్నాను. ఎవరిచ్చారో చెప్పేస్తాను. ఇకమీదట మనింటికి మనిషి వాటా ఒక్కటే.”