ఆస్పత్రిలో ఏనుగు

గుడ్డివాడిగా నటించడంలో నన్ను మించినవాడు ఈ భూగోళం మీద లేడు. వీధి చివర పడుకున్న కుక్క కనపడగానే కర్ర చంకలో పెట్టుకుని పరుగు లంకించుకున్నాను, అది వేరే సంగతి.

మర్నాడే ఆడిషన్. చూపులేని హీరో వేషం. అది దక్కకపోతే నాన్న నన్ను తన ఇనుప సామాన్ల కొట్లో కూర్చోబెట్టడం ఖాయం. అందుకే నల్లద్దాలు పెట్టుకుని, సాధన కోసం సినిమా హాలుకి వెళ్ళాను.

అక్కడ చూపులేనివాళ్ళ కోసం ఓ మిషను ఉంది. చెవికి తగిలించుకుంటే తెరమీద జరిగేదంతా చెబుతుంది.

"ఉన్నది ఒక్కటే బాబూ. ఈ ఆటకి లేదు," అన్నాడు కౌంటర్లో అతను.

"పుట్టి ఇన్నేళ్ళయింది, ఒక్క సినిమా కూడా పూర్తిగా అర్థం కాలేదు సార్ నాకు!" అని మొత్తుకున్నాను. ఆ ఏడుపుకి కౌంటర్ గోడకి చెమ్మెక్కింది.

ఎవరో అక్క వచ్చి మిషను నా చేతిలో పెట్టింది.

"మొదటిసారా తమ్ముడూ? అయితే నువ్వే పెట్టుకో. పద, దారి నాకు తెలుసు."

హాలు మనిషి కాబోలు. మెట్లు పైకి లెక్కపెడుతూ మరీ నడిపించింది. "పది, పదకొండు, పన్నెండు. ఇక ఎడమకి." నా పక్క సీట్లోనే కూర్చుంది. మిషను ఎత్తుకుపోతానని కాపలా అనుకున్నాను.

కళ్ళున్నవాడికి ఆ గోలెందుకని నేను దాని స్విచ్చి ముట్టుకోలేదు.

సగం సినిమా అయ్యాక మాటల్లేని సీను వచ్చింది. ఆస్పత్రి మంచం మీద తల్లి, కూతురికి జడ అల్లుతూ అల్లుతూ చెయ్యి వదిలేసింది. హాలంతా కుళాయిలు విప్పేసింది.

అక్క నావైపు వంగింది. "ఏమైంది తమ్ముడూ? ఏం చెబుతోంది?"

మిషను పనిచేస్తోందో లేదో పరీక్షన్నమాట. నా నాలుక ఊరుకుంటుందా?

"ఆస్పత్రిలోకి ఏనుగొచ్చిందక్కా. డాక్టరు మెళ్ళో స్టెతస్కోపు లాక్కుని తన గుండెకే పెట్టుకుంది."

అక్క పకపకా నవ్వింది. అంతమంది ఏడుస్తుంటే ఆవిడొక్కతే. ముందు వరసలో ఆయన వెనక్కి తిరిగి, "మనిషివేనా తల్లీ?" అన్నాడు. నవ్వు టక్కున ఆగిపోయింది. నా జోకు అంత బాగా పేలినందుకు నేను మాత్రం మురిసిపోయాను.

దీపాలు వెలిగాయి. జనం ముక్కులు చీదుకుంటూ వెళ్తున్నారు. మిషను తిరిగిచ్చేశాను. ఆవిడ దాన్ని బొటనవేలితో తడిమి ఆగింది.

"దీని స్విచ్చే వెయ్యలేదు నువ్వు."

నేను నల్లద్దాలు పైకి తోసుకున్నాను.

"మరి ఆ ఏనుగు సంగతి నీకెవరు చెప్పారు తమ్ముడూ?"

నా చెవులు కాలిపోయాయి. నల్లద్దాలు తీసి జేబులో కుక్కుకున్నాను.

"నాకు కళ్ళు కనిపిస్తాయక్కా," అన్నాను, ఆవిడ సంచిలోంచి తీసి ఒక్కో మడతా విప్పుతున్న తెల్లకర్రని చూస్తూ.