కొవ్వొత్తి వెలిగించడం రాని తాతగారు

"గ్లాసు చూడమ్మా! ఎన్నేళ్ళు పొయ్యి మీదున్న గిన్నె ఇది?"

తాతగారు గుడ్డసంచీలోంచి కొవ్వొత్తి గ్లాసు తీసి బల్ల మీద ఠక్కున పెట్టారు. నిజమే, అంచంతా మసి.

టీచరమ్మ ప్రాణం ఉసూరుమంది.

బడికి ఆరు నెలలు సెలవు పెట్టి, ఇంటి ముందుగదిలో కొవ్వొత్తుల కొట్టు తెరిచింది. ఈలోగా కొట్టు నిలదొక్కుకోకపోతే నోరు మూసుకుని మళ్ళీ బడికి పోతానని మొగుడికి మాటిచ్చింది. నాలుగు నెలలు ఇట్టే గడిచిపోయాయి. వచ్చేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళలో ఒకరు ఇదిగో, ఈ పేచీ తాతగారు!

"వెలిగించేముందు వత్తి కత్తిరించారా?"

"కత్తిరించడమేమిటి, కొత్తదేగా?"

"ప్రతిసారీ కత్తిరించాలండీ. అర గోరంత ఉంచితే చాలు. పొడుగైతే మంట ఎగిరి పొగ చిమ్ముతుంది."

"ఆ సంగతి ఎక్కడ రాశావు? నాకేమన్నా కలొస్తుందా?"

టీచరమ్మ పళ్ళు నూరింది. నూరుతూనే ఆ సాయంత్రం చీటీలు రాసి గ్లాసు గ్లాసుకీ అంటించింది.

వారం తిరక్కుండా మళ్ళీ ప్రత్యక్షం.

"నడిమధ్య నుయ్యి తవ్వినట్టు దిగిపోయింది. చుట్టూ ఉన్న మైనం అలాగే ఉంది."

"మొదటిసారి ఎంతసేపు ఉంచారు?"

"ఓ పావుగంట."

"అయ్యో రామా! మొదటిసారి అంచుదాకా కరిగేవరకూ ఉంచాలండీ, రెండు మూడు గంటలైనా సరే. మధ్యలో ఆర్పేస్తే ఇక దాని బతుకంతా ఆ నుయ్యే."

"నీ మైనానికి ఇంత చాదస్తం ఉందని నాకేం తెలుసు?"

చీటీలో ఇంకో ముక్క చేరింది. ఆ పై వారం ఫ్యాను కింద పెట్టి, ఒకవైపే కరిగిందని తెచ్చారు. చీటీ మరికాస్త పొడుగైంది; పన్లో పనిగా అడుగుదాకా కాలనివ్వొద్దని కూడా రాసేసింది.

లోపల్నుంచి మొగుడు ఒకటే నవ్వు. "బళ్ళో నలభైమంది పిడుగులు కలిసినా ఈయన ముందు దిగదుడుపేనోయ్!"

ఆ తర్వాత ఓరోజు కాగితంలో చుట్టి తెచ్చారు. విప్పితే, గ్లాసు రెండు చెక్కలు.

టీచరమ్మ ఆ చెక్కల్ని చేతిలోకి తీసుకుంది. "అడుగుదాకా కాలనిచ్చారా? అరంగుళం మైనం ఉండగానే ఆర్పెయ్యాలండీ! లేకపోతే అడుగు వేడెక్కి పగలదూ? ఇల్లంటుకుంటే?"

"మరిచిపోయానమ్మా. మనిషన్నాక మరిచిపోడా?"

"చీటీలో రాశాను కదండీ!"

"చీటీ చదివేవాడు మరిచిపోడు. మరిచిపోయేవాడు చీటీ చదవడు. మరి వాడి ఇల్లేం కావాలి?"

టీచరమ్మకి చిర్రెత్తుకొచ్చింది. "మీకసలు కొవ్వొత్తి వెలిగించడమే రాదు తాతగారూ! ట్యూబులైటు వేసుకుని కూర్చోండి. ఇంక నా కొట్టుకి రాకండి, దణ్ణం పెడతాను!"

తాతగారు సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

అన్నదే గానీ, ఆ రెండు చెక్కల్నీ పారేయడానికి చేతులు రాలేదు. మరిచిపోయేవాడి ఇల్లేం కావాలి? ఆ ప్రశ్న జోరీగలా చెవిలో ఒకటే రొద. తప్పు ఆయనది కాదు, తనదే అనిపించింది.

మూడోరోజు కొత్త బిళ్ళలు తెప్పించింది. వత్తిని గ్లాసు అడుగున నిలబెట్టే రేకుబిళ్ళలే, కాకపోతే వీటికి అరంగుళం మెడ ఉంటుంది. మంట ఆ మెడదాకా దిగిందంటే, అక్కడి నుంచి వత్తికి మైనం అందదు. వెలిగించినవాళ్ళు మరిచిపోయినా కొవ్వొత్తి దానంతటదే ఆరిపోతుంది.

పది చేసి, వెలిగించి, పక్కనే కాపలా కూర్చుంది. పదికి పదీ అడుగున మైనం ఉండగానే ఆరాయి. ఒక్క గ్లాసూ చిట్లలేదు.

పరుగున వెళ్ళి ఆయనకి చూపించాలనిపించింది. ఎక్కడికని వెళ్తుంది? ఇల్లెక్కడో ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. తాతగారు మళ్ళీ రానూ లేదు.

ఆరో నెల చివరి వారంలో ఊళ్ళోని పెద్ద హోటలు నుంచి ఫోను. భోజనాల హాలుకి యాభై కొవ్వొత్తులు కావాలట, పరీక్షకి. బాగుంటే నెలనెలా తీసుకుంటారట. లేదంటే సోమవారం నుంచి బడే.

ఇచ్చి వచ్చిన మర్నాడు మేనేజరు రమ్మన్నాడు. టీచరమ్మ కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళింది.

"నిన్న విందు హడావుడిలో మావాళ్ళు ఒక్క కొవ్వొత్తీ ఆర్పలేదండీ" అన్నాడు మేనేజరు.

"గ్లాసులేమన్నా పగిలాయా?" అందామె ఆత్రంగా.

"హాలు సర్దుతూ చూస్తే యాభైకి యాభై వాటంతటవే ఆరిపోయున్నాయి. గ్లాసులు మసి లేకుండా తళతళా మెరుస్తున్నాయి. వచ్చే నెల నుంచి మూడొందలు ఇవ్వగలరా?"

టీచరమ్మకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. గబగబా తలూపింది.

"ఇదంతా మా పేచీ తాతగారి చలవండీ" అంది ఉండబట్టలేక. "తెల్లగడ్డం, భుజాన గుడ్డసంచీ. మీకు కొవ్వొత్తి వెలిగించడం రాదని నోరు పారేసుకుని పంపేశాను. కనిపిస్తే కాళ్ళ మీద పడాలనుంది."

మేనేజరు ఆమె వంక చిత్రంగా చూశాడు.

"మీ కొట్టు అడ్రసు మాకిచ్చింది ఆయనేనమ్మా! 'చేతులు వణుకుతున్నాయి, ఇక నావల్ల కాదు, నా తర్వాత ఆ అమ్మాయే' అని మరీమరీ చెప్పి, పోయిన వారమే కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ముప్పయ్యేళ్ళుగా ఈ హాల్లో వెలిగిన ప్రతి కొవ్వొత్తీ ఆయన చేత్తో పోసిందే."