అమ్మ సమాధి మీద పొట్టి గడ్డి

"మా అమ్మ సమాధి మీద గడ్డి ఎవరు కోస్తున్నారో చెప్పేదాకా కదలను," అంది వెల్మా, గేటుకి అడ్డంగా నిలబడి.

డెల్‌బర్ట్ చేతిలో పార పక్కన పెట్టాడు. ఆ పాత స్మశానం బాగోగులు ఈ ఏడే అతని చేతికొచ్చాయి. ఇలినాయ్‌లో ఆ చుట్టుపక్కలంతా మొక్కజొన్న చేలే. ఒకప్పటి గడ్డిమైదానం చిటికెడు మిగిలింది ఈ సమాధుల మధ్యే. అది బతకాలని వసంతంలో ఎండిన పాత గడ్డికి నిప్పు పెడతారు తప్ప, కోత యంత్రాన్ని గేటు దాటనివ్వరు. అందుకే మే చివరికల్లా సమాధిరాళ్ళు మోకాలెత్తు గడ్డిలో మునిగిపోతాయి.

వెల్మా తల్లి సమాధి మీద మాత్రం గడ్డి జానెడు మించి లేవదు.

అది తన చెల్లెలు ఒపాల్ పనేనని వెల్మా నమ్మకం. తల్లి కుట్టిన బొంత ఎవరికన్న దగ్గర మాటామాటా పెరిగి, ఇరవయ్యేళ్ళుగా ఇద్దరూ ఎడమొహం పెడమొహం. బొంత ఎవరు కప్పుకున్నారో గాని చలి మాత్రం ఇద్దరికీ మిగిలింది. వెల్మాకి మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఏటా సమాధులకి పూలు పెట్టే రోజున వచ్చి, ఆ పొట్టి గడ్డి చూసుకునేది. అమ్మని మరవనిది నన్ను మాత్రం ఎలా మరుస్తుందిలే అనుకుని ఇంటికెళ్ళేది. ఆ ధైర్యంతోనే ఏడాది గడిచేది.

ఈసారి ఆగలేకపోయింది. ప్లమ్ జామ్ చేసి, అమ్మ కట్టినట్టే సీసా మూతకి గళ్ళగుడ్డ కట్టి తెచ్చింది. గడ్డి కోయడానికి వచ్చినప్పుడు ఒపాల్ చూస్తుందని దాన్ని సమాధి మీద పెట్టి, ఆ తర్వాతే గేటు దగ్గర డెల్‌బర్ట్‌ని ఆపింది.

డెల్‌బర్ట్ ఆమెని సమాధి దగ్గరికి తీసుకెళ్ళి, వంగి, గడ్డిలో పూసిన పసుప్పచ్చ పూలగుత్తి చూపించాడు.

"ఎవరూ కోయట్లేదమ్మా. ఇదంతా ఈ పువ్వు చేసే పని. పచ్చటి ఆకులున్నాయి, తన తిండి తనే వండుకుంటున్నట్టు కనిపిస్తుంది. కింద మాత్రం పక్కనున్న గడ్డి వేళ్ళు పట్టుకుని నీళ్ళు తాగేస్తుంది. అందుకే ఇక్కడ గడ్డి ఎదగదు."

వెల్మా వంగి ఆ పువ్వుని వేలితో తాకింది. ఇన్నేళ్ళూ తను చెల్లెలనుకున్నది దీన్నా అని నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. ఇంక తనకెవరూ లేరు. సీసా తీసి సంచిలో పెట్టుకుని గేటుకేసి నడిచింది.

"నేనొచ్చి ఇలా అడిగానని ఎవరితోనూ అనకు నాయనా," అంది.

"అననమ్మా," అన్నాడు డెల్‌బర్ట్, గేటు తీసి పట్టుకుని. "నిన్న ఒకావిడ కూడా, ఈ గడ్డి మా అక్కే కోస్తోందని వచ్చి, ఇలాంటి గళ్ళగుడ్డ సీసానే తిరిగి సంచిలో పెట్టుకుని, ఎవరితోనూ అనొద్దనే వెళ్ళింది."